అడిగి తెచ్చిన ముక్కలు

నాకు అక్షరాలు అరవై రెండేళ్ళకు వచ్చాయి. అంతకు ముందు ఈ సంగతి రాయమంటే ఎట్లా రాస్తాను? వేలిముద్ర వేసే చేతికి కలం పట్టడం మా మనవరాలు నేర్పింది. దాని పాత పలక మీద నేను అఆలు దిద్దుతుంటే ఇంటికొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఇప్పుడు సదివి ఏం కొలువు చేస్తవే ముసల్దానా" అని మా ఆయన కూడా అన్నాడు. అంటూనే బజారుకు పోయి నాకోసం గీతల పుస్తకం తెచ్చాడు.

ఈ కథ నోటితో చాలాసార్లు చెప్పాను, పిల్లలకూ మనవలకూ. నోటితో చెప్పడంలో ఒక సుఖం ఉంది. మింగాల్సిన చోట మింగేసి, నవ్వొచ్చే చోటికి గబుక్కున వెళ్ళిపోవచ్చు. రాసేటప్పుడు, అందులోనూ నాలాగా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసేవాళ్ళకు, ఏదీ మింగడం కుదరదు.

మొన్న మిర్యాలగూడలో మా ఇంటి ఎదురు టైలరు సంచెడు గుడ్డముక్కలు తెచ్చి మోరీలో కుమ్మరించాడు. ఎర్రవి, పచ్చవి, పూలవి, మెరిసేవి. ఒక్కొక్కటి నా అరచేయంత ఉంది. అవి తడిసి నల్లబడేదాకా చూస్తూ నిలబడ్డాను.

"ఏందమ్మా, ఏమన్న పడిపోయిందా?" అని అడిగాడు.

"లేదు బిడ్డా. పారబోసే ముందల నాలుగు వేళ్ళు పెట్టి సూసినవా?" అన్నాను.

అతను నన్నొక వింతమనిషిని చూసినట్టు చూసి లోపలికి పోయాడు. అతని తప్పేం లేదు. అది మా నాయిన మాట. ఆ మాట తెలిసినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మేము మేరోళ్ళం, బట్టలు కుట్టేవాళ్ళం. సూర్యాపేటలో బజారుకు ఆనుకొని ఉన్న వీధిలో మా ఇల్లు. ఇంటి ముందు అరుగు మీద నాయిన కుట్టుమిషన్ ఉండేది. మిషన్ నూనె వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, కొత్త బట్టకు పెట్టిన గంజి వాసన, ఈ మూడూ కలిస్తే నాకు నాయిన వాసన. యుద్ధం రోజులవి, బట్ట దొరకడమే గగనం. కార్డు చూపిస్తే ఇంటికింత అని కొలిచి ఇచ్చేవారు. అది గోనెసంచిలా గరగరలాడేది. అందుకే జనం గుడ్డ తెచ్చి నాయిన చేతిలో పెట్టేటప్పుడు చంటిపిల్లను అప్పగించినట్టు అప్పగించేవారు. తీసుకుపోయేటప్పుడు తిప్పితిప్పి చూసుకొనేవారు.

"ఏం మేరాయనా, గంత గుడ్డ ఇస్తె గింతే రైక అయిందా? మిగిలింది నీ పెండ్లానికి తొడిగినవా ఏంది?" అని ఒకావిడ ప్రతిసారీ అడిగేది.

"నీ ఒళ్ళు పెరుగుతుంటె గుడ్డ ఏం జేస్తది తల్లీ," అనేవాడు నాయిన దారం కొరుకుతూ. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వేవారు, ఆమెతో సహా.

నవ్వులు నవ్వులే. కుట్టిన బట్టతో పాటు మిగిలిన ముక్కలను కూడా మూటగట్టి ఇచ్చేవాడు నాయిన. ఏ ముక్క ఎవరిదో తేల్చడానికి వాళ్ళ నాయిన నుంచి వచ్చిన పద్ధతి ఒకటి ఉండేది. ముక్క మీద నాలుగు వేళ్ళు దగ్గరగా ఆనించి పెట్టాలి. వేళ్ళ కింద మునిగిపోతే అది మాది. వేళ్ళను దాటి ఒక్క నూలుపోగు కనిపించినా అది గుడ్డ ఇచ్చినవాళ్ళది. నాయిన కసురుకోవడం నేను చూడలేదు, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం అమ్మ మాట కూడా వినేవాడు కాదు.

ఆ ఏడు ఎండాకాలం అక్క పురిటికి వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. కోదాడలో ఇచ్చారు. బొగ్గుతో నడిచే బస్సులో వచ్చి, ముక్కుపుటాల నిండా మసితో దిగింది. మామూలుగానైతే ఆ మసి చూసి ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ రోజు అది నవ్వలేదు, పొట్ట మీది నుంచి చెయ్యి తియ్యలేదు. అంతకు ముందు ఇద్దరు పిల్లలు పుట్టి వారం తిరక్కుండానే పోయారు. ఇది మూడో కానుపు.

"ఈసారి బిడ్డను మనింటి గుడ్డ మీద పండవెట్టొద్దు," అని నాయినమ్మ తేల్చి చెప్పింది. "పిల్లలు నిలిచిన ఇండ్లల్ల అడుక్కొచ్చిన ముక్కలతోని బొంత కుట్టాలె. ఆ పిల్లల ఆయుష్షుల జరంత జరంత మన బిడ్డకొస్తది."

"మనింట్ల బుట్టెడు ముక్కలున్నయి గద నాయినమ్మా. అన్నీ ఊరోళ్ళయే," అన్నాను.

"అవి మిగిలినయే పోరీ, అడిగినయి గావు. మనం అడగాలె, వాళ్ళు మనసుతోని పెట్టాలె. గప్పుడే పనిజేస్తది."

అడిగే పని నాకు పడింది. నాకప్పుడు పదేళ్ళు. పొద్దున జొన్న గట్క తాగి, లంగా ముందు కుచ్చిళ్ళు ఎత్తి ఒడి పట్టుకొని బయలుదేరేదాన్ని. గడప ముందు నిలబడి, "మా అక్క బిడ్డకు ఒక ముక్క పెట్టున్రి" అని గట్టిగా అడగాలి. నలుగురికీ వినిపించాలి. గుసగుసగా అడిగితే లెక్కలోకి రాదని నాయినమ్మ చెప్పింది.

ఇప్పటికీ ఆ ఇళ్ళన్నీ వరసగా గుర్తొస్తాయి. ఏడుగురు కొడుకుల్ని కన్న ముసలమ్మ, ముక్క కోసం ఇల్లంతా వెతికి దొరక్క, అరుగు మీద కునుకుతున్న మొగుడి దగ్గరికొచ్చి "ఓ ముసలోడా, తలకాయ వంచు" అంది. ఆయన వంచాడు. తలపాగా కొసను బర్రున చింపి నా ఒడిలో వేసింది. ఆయన మళ్ళీ కునుకు తీశాడు. పెన్‌పహాడ్ నుంచి పాలు తెచ్చే ఆమె నెత్తి మీది కుండ దించి, తన కొంగు కొసనే పళ్ళతో కొరికి ఇచ్చింది. ఆ ముక్క ఎన్నిసార్లు ఉతికినా పాలవాసన పోలేదు. ఇంకొకరింట్లో ముక్కతో పాటు వేడివేడి సర్వపిండి పెట్టారు. ఒడిలోనే పెట్టుకొని తిన్నాను. ముక్కలకు నూనె మరకలయ్యాయి. నాయినమ్మ వాటిని ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇయ్యి అడిగినయా, తిన్నయా?" అంది.

ఒక్క గడప దగ్గర మాత్రం అడగొద్దన్నారు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల బూబమ్మ ఇల్లు. ఆమె భర్త సర్కారు కచేరీలో మున్షీ, రాతకోతల గుమాస్తా. ఆమె అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. పండుగకు సేమియా పాయసం చేస్తే మొదటి గిన్నె నాకే ఇచ్చేది. పరదా వెనక నుంచి చెయ్యి చాపి ఖర్జూరాలు పెట్టేది. ఆమెకు ముగ్గురు పుట్టారు, ముగ్గురూ నెల దాటలేదు.

"ఆమె మంచిదే," అంది నాయినమ్మ. "ఆమె కడుపే మంచిది గాదు. ఆ ఇంటి దారప్పోగు గూడ ఈ బొంతల పడొద్దు."

ఒడి నిండా ముక్కలతో ఆ ఇంటి ముందు నుంచి వచ్చేటప్పుడు పరదా కొంచెం కదిలేది. నేను తల వంచుకొని, కాళ్ళకు ముల్లు గుచ్చుకున్నదానిలా గబగబా దాటిపోయేదాన్ని.

మధ్యాహ్నాలు నాయినమ్మ, నేను బొంత కుట్టాము. అమ్మ పాత చీర మడతపెట్టి పరిచి, దాని మీద ముక్కలు పేర్చి, అంచు నుంచి లోపలికి వరసలుగా కుట్లు. నాయినమ్మకు చూపు ఆనేది కాదు. సూదిలో దారం ఎక్కించడం నా వంతు, కుట్టు సరిగా పడిందో లేదో వేలితో తడిమి చూడడం ఆమె వంతు. వంకర పోతే నెత్తి మీద మొట్టేది. నాకు కుట్టు వచ్చింది ఆ మొట్టికాయలతోనే. ఆమె చేతికి నేను ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

అంచులన్నీ అయిపోయి చివరికి నట్టనడుమ అరచేయంత జాగా మిగిలింది. "నడిమిది నువ్వే సూసుకో," అంది నాయినమ్మ. నాకు గర్వంగా అనిపించింది. కానీ నా దగ్గర మిగిలినవన్నీ వెలిసిపోయిన ముక్కలే. బొంతంతా బూడిదరంగు, మట్టిరంగు. నడుమ బిడ్డ తల ఆనే చోట ఒక్కటైనా అందమైనది ఉండాలని నా ఆశ.

ఆ రోజే నాయిన నన్ను పిలిచి ఒక మూట ఇచ్చాడు. "బూబమ్మింట్ల ఇచ్చి రా." మున్షీగారి వాస్కోటు అది. నేరేడుపండు రంగు మఖ్మల్. మూట పైన ముడిలో మిగిలిన ముక్క కనిపిస్తూ ఉంది. దారిలో గోడ పక్కన ఆగాను. వేలితో ఆ ముక్కను ముట్టుకున్నాను. పిల్లి వీపులా ఉంది. ముడి విప్పి, ముక్క తీసి రైకలో దోపుకొని, మళ్ళీ ముడివేశాను. బూబమ్మ మూట విప్పి చూసింది. నా మొహం చూసింది. ఎప్పటిలా ఖర్జూరం పెట్టింది. అది నోట్లో పెట్టుకోలేక దారిలో కోడికి వేశాను.

"ఇది ఎవలింటిదే, గింత మెత్తగున్నది?" అని నాయినమ్మ తడిమి అడిగింది.

"ఏడుగురు కొడుకుల అవ్వింటిది," అన్నాను.

బొంత అయిపోయిన రోజు అందరూ చుట్టూ చేరారు. అక్క అత్తగారు కూడా కోదాడ నుంచి వచ్చి ఉంది. "ఎవరు కుట్టారమ్మా ఇది? మధ్యలోది చూడండి, తామరపువ్వులాగా ఎంత బాగుందో! ఈ పిల్లను కూడా మా ఊరే ఇచ్చెయ్యండి," అంది. అక్క ఆ మఖ్మల్ మీద చెంప ఆనించి, వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు నా వల్ల వచ్చింది. అంత అందమైన వస్తువు నేను అప్పటిదాకా చెయ్యలేదు, ఆ తర్వాత కూడా చెయ్యలేదనే అనుకుంటాను. కానీ నేను నాయిన వైపు చూడకుండా అక్క పక్కకు జరిగాను. నాయిన వంగి, నడిమి ముక్క మీద నాలుగు వేళ్ళు ఆనించాడు. వేళ్ళకు రెండు వైపులా నేరేడురంగు కనిపిస్తూనే ఉంది. లేచి అరుగు మీదికి పోయాడు.

కాసేపటికి నేనే వెళ్ళి మిషన్ పక్కన నిలబడ్డాను.

"అడిగినవా బిడ్డా?"

"అడగలె."

మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు. "ఈ చేతులను నమ్మి ఊరు గుడ్డ ఇస్తది. ఇయ్యి నా ఒక్కని చేతులు గావు, మా నాయినయి గూడ. నేను పోయి చెప్తే అది నా మాట అయితది. తీసింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు."

చెప్పడానికి ధైర్యం చాలలేదు. పోనీ విప్పేద్దామని సూది పట్టుకున్నాను. "కుట్టుడు అయినంక విప్పొద్దే, అపశకునం!" అని నాయినమ్మ నా చేతిలోంచి సూది లాక్కుంది. మరునాడే అక్కకు ఆడపిల్ల పుట్టింది. కడిగి, తుడిచి, ఆ బొంత మీదే పడుకోబెట్టారు. తల సరిగ్గా మఖ్మల్ మీద.

మూడో రోజుకు బిడ్డ పాలు తాగడం మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. ఏడుపు కూడా సన్నగా, పిల్లికూనలా. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. "మళ్ళీ అదే అవుతుందేమోనమ్మా," అని అక్క అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. నాయినమ్మ కిటికీ సందుల్లో కూడా గుడ్డలు కుక్కి, కుంపట్లో ఇంకొన్ని నిప్పులు, సాంబ్రాణి వేసింది. ఎవరికీ తెలియనిది నాకు తెలుసు. అడగని ముక్క పెట్టాను. అందులోనూ ఆ ఇంటి ముక్క. బిడ్డను నేనే చంపుతున్నాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తి బూబమ్మ ఇంటి వెనక తలుపు కొట్టాను. ఆమె గోధుమలు ఏరుతోంది. గడపలోనే ఏడుస్తూ చెప్పేశాను. మఖ్మల్ నేనే తీశానని, బొంతలో కుట్టానని, బిడ్డ చచ్చిపోతోందని, ముక్క విప్పి తెచ్చిస్తానని.

"నాకు ఎరుకే బేటీ," అంది. "మీ నాయిన ముక్క కట్టకుండ ఎన్నడన్న మూట పంపిండా? ఆ దినమే తెలిసింది."

"మరి నన్నెందుకు తిట్టలె?"

ఆమె చేట పక్కకు పెట్టింది. "అన్ని ఇండ్లల్ల అడిగినవు. మా ఇంటికాడికొస్తె మొఖం దించుకొని ఉరికినవు. రోజు పరదా ఎన్క నిలవడి సూసిన, ఇయ్యాలన్న అడుగుతదేమో అని. ముక్కలు తీసి పెట్టుకున్న గూడ. ఎవ్వరు అడగరని నాకు తెల్వదా?" కొంగుతో నా మొహం తుడిచింది. "మూటల ముక్క లేకపాయె. దొంగతనమైతే ఏంది, మా ఇంటిది గూడ ఆ బిడ్డ కింద ఉంటది లే అని ఖుషీ అయిన. గంతే. ఇగ ఏడ్వకు. బిడ్డకు ఏమైతుందో సక్కగ చెప్పు."

చెప్పాను. మూసిన గది, కుంపటి, సాంబ్రాణి పొగ, బొంతలో మెడదాకా చుట్టిన బిడ్డ. వింటూ వింటూ ఆమె లేచి నిలబడింది.

"నా ముగ్గుర్ని గూడ గట్లనే ఉడకవెట్టిన్రు," అంది. ఆమె గొంతు అంత కటువుగా నేను ఎప్పుడూ వినలేదు. "నేను అప్పుడు చిన్నదాన్ని. చెమటకు బిడ్డల నోరెండిపోయినా తలుపు తియ్యమని అనలేకపోయిన. పో, ఉరుకు. తలుపు తియ్యుమను. కుంపటి బైట పెట్టుమను. బిడ్డ మీదిది తియ్యుమను. పాలు పిండి చుక్క చుక్క నోట్ల పొయ్యుమను. నేను చెప్పిన్నని చెప్పకు, వినరు."

ఇంటికొచ్చి నేరుగా గదిలోకి పోయి కుంపటి పట్టుకున్నాను. దాని చెవులు పట్టి లేపేసరికి వేళ్ళు కాలాయి. నాయినమ్మ కేకలు వేసింది. "ఏమైందే నీకు పోరీ, గాలి సోకుతది!" ఆ కేకలకు నాయిన వచ్చాడు. ఒక్కసారి నా మొహం చూసి, నా చేతిలోంచి కుంపటి అందుకొని బయట పెట్టాడు. కిటికీ గుడ్డలు లాగేశాడు.

"గాలి సోకుతదిరా కొడుకా!"

"అమ్మా, గాలి సోకకుంటనే ఇద్దరు పోయిన్రు గద," అన్నాడు నాయిన.

అమ్మ బిడ్డ మీది చుట్టు విప్పింది. అక్క లేచి కూర్చొని పాలు పిండింది. చుక్క, మళ్ళీ చుక్క. పొద్దు గూకేవేళకు బిడ్డ తనంతట తాను చప్పరించింది. ఆ చప్పుడు ఎంత చిన్నదో! గదిలో ఉన్న మేమందరం ఊపిరి బిగబట్టి విన్నాం.

"ఎవలు చెప్పిన్రే నీకు, కుంపటి తియ్యుమని?" అని నాయినమ్మ అడిగింది. నేను నాయిన వైపు చూశాను. ఆయన సూదిలో దారం ఎక్కించుకుంటూ తల ఎత్తలేదు.

గాలి బతికించిందా, పాలు బతికించాయా, ఆ ముక్కే బతికించిందా నాకు తెలియదు. ఆ బిడ్డ ఇప్పుడు కోదాడలో మనవళ్ళను ఆడిస్తోంది. దాని తర్వాత అక్కకు ఇంకా నలుగురు పుట్టారు. అందరినీ ఆ బొంతే మోసింది. చివరికి నడిమి మఖ్మల్ రాలిపోయి, నూలుపోగులు తేలి, చివికిపోయింది. బూబమ్మ వాళ్ళు ఆ తర్వాత ఏడాదికి ఇల్లు అమ్ముకొని పట్నం వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నేను చూడలేదు. ఎడ్లబండి పొద్దున్నే కదిలిందట. ఆమె అక్కడ ఎట్లా బతికిందో, ఇంటినిండా పిల్లలను చూసుకుందో లేదో నాకు తెలియదు. నాకు ఉత్తరం రాయడం వచ్చేసరికి రాయడానికి చిరునామా లేదు.

ఆ బొంత తలుచుకుంటే ఈనాటికీ రెండు రకాలుగా ఉంటుంది. అందులో అన్నిటికంటే అందమైన ముక్క నేను దొంగిలించినది. అది తీసేస్తే అది బొంతే కాదు. నాయిన ఆ రోజు నన్ను కొట్టి, ముక్క విప్పించి, తనే తిరిగి ఇచ్చేసి ఉంటే నేను బాగా కుట్టే పిల్లగానే మిగిలిపోయేదాన్ని. తీసింది నేనని, చెప్పాల్సింది నేనని వదిలేశాడు. బూబమ్మ నన్ను దొంగ అని ఉంటే నేను ఏడ్చి ఊరుకొనేదాన్ని. ఆమె బిడ్డకు ఏమైందో చెప్పమంది. ఈ ఇద్దరి వల్లే నేను మనిషినయ్యానని ఇన్నేళ్ళకు నా చేత్తో నేనే రాసుకుంటున్నాను.

బిడ్డ పాలు తాగిన మరునాడు పొద్దున, అందరూ వాకిళ్ళు ఊడ్చి చల్లే వేళకు, నేను తలస్నానం చేసి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాను. వెనక తలుపుకు పోలేదు. బూబమ్మ ఇంటి ముందు గడప దగ్గర, వీధి నడుమ నిలబడ్డాను. కాలిన వేళ్ళతోనే లంగా కుచ్చిళ్ళు పైకెత్తి పట్టాను. నలుగురికీ వినిపించేటట్టు అరిచాను.

"బూబమ్మా! కుంపటి తియ్యుమని నువ్వు చెప్పినంకనే మా బిడ్డ పాలు తాగింది. నీ ఇంట్ల అడగకుండ తప్పు జేసిన. ఇప్పుడు అడుగుతున్న. నీ చేత్తోని ఒకటి పెట్టు."

వీధిలో చీపుర్ల చప్పుడు ఆగిపోయింది. మా వాకిట్లో నాయినమ్మ చేతిలో పేడనీళ్ళ చెంబు అట్లాగే ఉండిపోయింది. అరుగు మీద మిషన్ కూడా ఆగింది. పరదా కదల్లేదు. లోపలి నుంచి పెట్టె మూత ఎత్తిన చప్పుడు వినిపించింది. నేను ఒడిని ఇంకొంచెం వెడల్పుగా పట్టుకున్నాను.